రెండు పెట్టెలను నిద్రపోనివ్వని పేరు

మా అత్త పోయిన వార్త చాలామందికి రేడియోలో తెలిసింది. నల్లగొండ పక్క కొండ మీది రిపీటర్‌లో, పాలమూరు దాకా వినబడేలా, ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని చెప్పాడు: "ఆమె మాకు తల్లిలాంటిది. మా మధ్య చిన్న మనస్పర్థ ఉండె. అది ఎప్పుడో సమసిపోయింది."

ఆమెకు ఆఖరి స్నానం కోసం నీళ్లు కాగుతున్నాయి. వరండాలో సెట్టు మోగుతుంటే విన్నాను. ఏదీ సమసిపోలేదు. ఆ మాట చెప్పడానికి ఇప్పుడు ఆమె లేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఆమె పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయింది. పుట్టింది మాత్రం కేతేపల్లి దగ్గర, గొర్లు కాసే ఇంట్లో. తెలంగాణ వచ్చిన కొత్తలో, లైసెన్సు తీసుకుని సొంత సెట్లలో మాట్లాడుకునే హ్యామ్ రేడియో మిత్రులను పోగుచేసి, క్లబ్బు పెట్టి ఆ కొండ మీద రిపీటర్ పెట్టించింది. చేతి సెట్టులో మాట్లాడితే ఎక్కువ దూరం పోదు. కొండ మీది పెట్టె ఆ మాటను అందుకుని గట్టిగా మళ్లీ పంపుతుంది. పాలమూరు వైపు ఇంకో కొండ మీద ఇంకో పెట్టె, రెండింటికీ లింకు; ఒకదాని మాట రెండోదానిలోనూ వినబడుతుంది. రెండూ సోలార్ బ్యాటరీ మీదే బతకాలి. అందుకే ఎవరూ మాట్లాడకపోతే కాసేపటికి లింకు తెంపుకుని నిద్రపోవాలి, ఎవరైనా పిలిస్తే లేవాలి.

"గిది నల్లగొండ రిపీటర్. జర ఆగి మాట్లాడుండ్రి" అని పెట్టె లేచినప్పుడల్లా వినబడే గొంతు ఆమెదే. బయటి చప్పుడు పడకుండా, బొంతలు పెట్టే అల్మారాలో తల దూర్చి రికార్డు చేసేది. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఆడియో ఫైలును ముందూ వెనకా కత్తిరించేది. ఊపిరి చప్పుడు కూడా మిగలనిచ్చేది కాదు. నేను మిక్సీ వేసినప్పుడు పక్కన నిలబడి వినిపించి, "సమజైతాందా బిడ్డా?" అని అడిగేది. అయిందంటేనే కొండకు పంపేది.

"మాట పొట్టిగుండాలె. ఏ కొండ మాట గా కొండ మీదనే ఇనబడాలె, లింకుల పోవద్దు" అనేది. ఎందుకో నాకు అప్పట్లో తెలియదు.

ఆ పెద్దమనిషి క్లబ్బుకు అధ్యక్షుడయ్యాక మొదట చేసిన పని ఆమె గొంతు తీసేయడం. గొర్లకాడి భాష వింటే బయటివాళ్లు నవ్వుతారట. తన పేరు, తన హోదా, వెనకాల సన్నాయి కలిపి పొడుగాటి ఫైలు ఎక్కించాడు. రెండు కొండల మీదా తన పేరే వినబడాలని లింకులోకి వదిలాడు. పాస్‌వర్డ్ మార్చేశాడు. అత్త ఫోన్ చేస్తే, "ఇంక మీరు రెస్ట్ తీసుకోండి మేడమ్" అన్నాడు.

ఆ వానాకాలం ముసురు వదల్లేదు. ఎగువన వాగు పొంగింది. అక్కడున్న మా క్లబ్బు మిత్రుడు సెట్టు పట్టుకుని పిలిచి పిలిచి అలసిపోయాడు. కొండ మీది పెట్టె పలకలేదు. దిగువన ఇసుకలో గొర్లను ఆపుకున్న వాళ్లకు కబురు అందలేదు. మనుషులు ఈదుకుంటూ బయటపడ్డారు, మంద కొట్టుకుపోయింది. ఆ మంద మా అత్త తమ్ముడిది.

"మేడమ్ పెట్టిన స్లీప్ సెట్టింగే తప్పు. పెట్టె పడుకుని లేవలేదు" అని అధ్యక్షుడు అందరికీ చెప్పాడు.

తమ్ముడు మా వాకిట్లో నిలబడి, "నీ డబ్బా పండుకున్నది, నా జీవాలు పోయినయ్ అక్కా" అన్నాడు. లోపలికి రాలేదు. ఆ తర్వాత చాలాకాలం మా గడప తొక్కలేదు.

మా ఆయన, "పోనియ్యమ్మా, మర్చిపో" అన్నాడు.

"మర్చిపొమ్మనేటోనికి దెబ్బ తాకలే" అంది ఆమె.

కొండ మీదున్నవాటిలాంటి పెట్టెలే రెండు తెప్పించి, ఒకటి వంటింట్లో, ఒకటి వరండాలో పెట్టి లింకు కలిపింది. అధ్యక్షుడి ప్రకటనను గాలిలోంచే రికార్డు చేసుకుని వాటికి ఎక్కించింది. నేను రొట్టెలు కొడుతున్నంతసేపూ ఆయన పేరే వినాల్సి వచ్చింది. ఆమె మాత్రం జాతర చూస్తున్నట్టు కళ్లు మెరిపిస్తూ కూర్చుంది.

నకిరేకల్ ఫంక్షన్ హాల్లో క్లబ్బు సభ జరిగిన రోజు, తమ్ముడిని బతిమాలి తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టింది. రెండు పెట్టెలూ స్టేజీ మీద, అధ్యక్షుడి ఎదుటే పెట్టి ఆన్ చేసింది.

"ఎవ్వరు ముట్టకుండ్రి. గివి ఎప్పుడు పండుకుంటయో సూద్దాం."

మొదటి పెట్టె ఆయన పేరు చదివింది. రెండోది ఆ మాట విని, ఎవరో మనిషి మాట్లాడుతున్నాడనుకుని మేలుకుంది, మళ్లీ ఆయన పేరే చదివింది. అది విని మొదటిది. సన్నాయి, పేరు, హోదా. ఉపన్యాసాలు అయ్యాయి, భోజనాలు మొదలయ్యాయి, అవి పడుకోలేదు. మొదట నవ్వినవాళ్లు నవ్వడం మానేశారు.

అప్పుడు అత్త లేచింది. "మబ్బుల దినాలల్ల గిట్లనే ఒర్రి ఒర్రి బ్యాటరీ సచ్చింది. పండుకున్న డబ్బా పిలిస్తే లేస్తది. సచ్చింది లేస్తదా సార్?"

ఆమె తన ఫైలు ఎక్కించి, లింకులోకి ప్రకటన పోకుండా కట్టేసింది. కాసేపటికి రెండు పెట్టెల లైట్లూ ఆరిపోయాయి. హాల్లో ఫ్యాన్ల చప్పుడు మిగిలింది. తమ్ముడు తలమీది తువ్వాలు తీసి మొహం కప్పుకున్నాడు. అత్త అతని భుజం మీద చెయ్యి వేసి, "లే తమ్మీ, బువ్వ తిందాం" అంది. ఆ రోజు కూర మళ్లీ మళ్లీ అడిగి వేయించుకుంది. అధ్యక్షుడు తినకుండానే వెళ్లిపోయాడు.

పదవి పోయింది గానీ, తప్పయిందన్న మాట ఆయన నోట రాలేదు. దారిలో ఎదురైతే అత్త మొహం తిప్పుకునేది. ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు చూడటానికి వస్తానని కబురు పెడితే, "రావద్దని చెప్పు బిడ్డా, నాకింకా సోయి ఉన్నది" అంది. పగ అంత శుభ్రంగా పెట్టుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. నాకు ఆమె నేర్పిన వాటిలో అది కూడా ఉంది. కృతజ్ఞతతోనే చెబుతున్నాను.

ఆమె దినం రోజు ఆయన బంతిపూల దండ పట్టుకుని వచ్చాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"నివాళి అర్పించుకుందామని వచ్చినమ్మా."

"ఆమె రావద్దన్నది సార్" అన్నాను.

ఆయన దండను అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. తమ్ముడి వెంట వచ్చిన మేక ఒకటి ముందుకాళ్లు అరుగు మీద మోపి, పూలను ఒక్కొక్కటే తెంపుకుని తినసాగింది. తమ్ముడు పక్కనే కూర్చుని ఉన్నాడు, చేతిలో కట్టె ఉంది. అదిలించలేదు. నేనూ అదిలించలేదు. మేక తీరిగ్గా నములుతూ, నడుమ నడుమ తలెత్తి మావైపు చూస్తూ, దారం దాకా వచ్చింది.