శాసనసభ గడియారం ఆపే మనిషి

ముప్పై ఒక్క ఏళ్లపాటు ఆ రాష్ట్ర శాసనసభలో టైము చూసుకునే పని లెలాండ్ హౌగెన్‌ది. ఎవరైనా ఆ మాట పెద్దది చేసి చెబితే అతను సిగ్గుపడేవాడు. "కీ ఇస్తాను, నూనె వేస్తాను, దుమ్ము తుడుస్తాను. అంతేనండీ," అనేవాడు. నిజానికి ఏడాదికి ఒక్కసారి చేసే పని ఇంకొకటి ఉండేది. దాని గురించి అతన్ని ఎవరూ అడిగేవారు కాదు, అతనూ చెప్పేవాడు కాదు.

ఆ రాష్ట్రంలో జనం ఒకప్పుడు విసిగిపోయి, తామే ఓట్లేసి ఒక చట్టం తెచ్చుకున్నారు. జూన్ ముప్పై మధ్యాహ్నం పన్నెండు లోపల బడ్జెట్ ఆమోదం పొందకపోతే, సభలో ఉన్న ఏ ఒక్కరూ వచ్చే ఎన్నికల్లో నిలబడడానికి వీల్లేదు. చట్టం మంచిదే. దానికి సభ్యులు కనిపెట్టిన విరుగుడు ఇంకా గొప్పది. పన్నెండు అంటే సభలోని గడియారంలో పన్నెండు అని చట్టంలో రాసి ఉంది. ఆ గడియారం పన్నెండు కొట్టకపోతే గడువు దాటనట్టే కదా! అందుకని బడ్జెట్ తెమలని ప్రతి ఏడాదీ సరిగ్గా పదకొండూ నలభైకి స్పీకర్ గొంతు సవరించుకుని, "గడియారం పనివారు తమ పని చూసుకోవచ్చు," అనేవారు. లెలాండ్ నిచ్చెన ఎక్కి, అద్దం తలుపు తీసి, ఊగుతున్న లోలకాన్ని రెండు వేళ్లతో పట్టుకునేవాడు. ఇక వాళ్ల తగవు తీరేదాకా ఆ రాష్ట్రంలో జూన్ ముప్పై, పదకొండూ నలభై.

మొదటి ఏడాది అతను గర్వపడ్డాడు కూడా. పాడిపశువులు కాసే నాన్న దగ్గర, కొట్టంలో కూర్చుని పాత గడియారాలు విప్పి బిగించిన కుర్రాడు, అంతమంది పెద్దవాళ్లు చూస్తుండగా కాలాన్ని ఆపేశాడు. సభంతా చప్పట్లు కొట్టింది. అప్పటి స్పీకర్ కేకు తెప్పించి మొదటి ముక్క అతని చేతికిచ్చాడు. ఆ రోజు ఫొటో చాలాకాలం అతని వంటింటి గోడ మీద ఉండేది.

ఒక్కో ఏడాది రెండు రోజులు ఆగేది. ఒక్కో ఏడాది వారం. పోయినేడాది పదకొండు రోజులు. ఆ రోజుల్లో సభలో అడుగు పెడితే ఒళ్లు జలదరించేది. సభ్యులకు గడ్డాలు పెరిగేవి. బల్లల మీద పూలు వాడి రాలిపోయేవి. పై కిటికీల్లోంచి ఎండ వచ్చేది, పోయేది, మళ్లీ వచ్చేది. రికార్డు రాసే ఆవిడ మాత్రం ప్రతి ఉదయం కొత్తగా ఉతికిన కోటుతో వచ్చి కూర్చుని, "జూన్ ముప్పై, పదకొండూ నలభై," అని మొదలుపెట్టేది. ఆ గొంతులో మొదటి రోజుకూ పదకొండో రోజుకూ ఇసుమంత తేడా ఉండేది కాదు. లెలాండ్‌కు అన్నిటికంటే దానికే భయం వేసేది.

ఇంకో సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఆగిన గడియారం పక్కన నిలబడితే చప్పుడు వినిపించేది. లోలకం కదలదు, ముళ్లు కదలవు. టిక్కు టిక్కుమని గోడ లోపల ఎక్కడో నడుస్తూనే ఉండేది. చెవుల డాక్టరుకు చూపించుకున్నాడు. చెవులు భేషుగ్గా ఉన్నాయని చెప్పి పంపేశాడు డాక్టరు.

లెలాండ్ పెళ్లి చేసుకోలేదు. నా అన్న మనిషి అక్క ఆర్డిస్ ఒక్కతే. పక్షవాతం వచ్చాక ఆమె పైన్ లేక్ ఊళ్లో, ప్రభుత్వం నడిపే వృద్ధాశ్రమంలో ఉంటోంది. కాళ్లు పడిపోయాయి గానీ నోటికేమీ కాలేదు. ఆమె గదిలో రెండో మంచం ఓపల్ అనే ఆవిడది. ఓపల్ ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపింది. చివరికి పక్కన ఊపిరి యంత్రం లేనిదే నిద్రపోలేని స్థితికి వచ్చింది. ఇద్దరూ పొద్దస్తమానం పోట్లాడుకునేవారు, ఒకరు లేకుండా ఒకరు అన్నం ముట్టేవారు కాదు.

గడియారం ఆపితే సభ్యుల పదవులు పోవు గానీ, కొత్త బడ్జెట్ లేకుండా ఆశ్రమం నడవదు. పోయినేడాది జూన్ ముప్పై, ఒంటిగంటకు బస్సులు వచ్చి ఆ ముసలివాళ్లందరినీ హైస్కూలు ఆటల హాల్లోకి చేర్చాయి. చర్చి ఆడవాళ్లు ఇళ్ల నుంచి హాట్‌డిష్ అనే మాంసం, బంగాళాదుంపల వంటకం వండి తెచ్చారు. జులై మూడున, బాస్కెట్‌బాల్ బుట్ట కింద వేసిన మడత మంచం మీద ఓపల్ ఎనభయ్యో పుట్టినరోజు జరుపుకుంది. పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన తీపి వంటకం రెండు ముక్కలు తిని, మూడోది దాచమంది. జులై ఆరు మధ్యాహ్నం యంత్రం ఆగిపోయింది. దగ్గర నర్సు లేదు. ఆర్డిస్ అరుస్తూనే ఉంది. అంత పెద్ద హాల్లో ఆ అరుపు గోడలకు కొట్టుకుని ఆమె దగ్గరికే తిరిగి వచ్చింది.

గడియారం ఆగి ఉన్నన్నాళ్లూ ప్రభుత్వ కాగితాల మీద తేదీ మారకూడదు. ఓపల్ మరణ పత్రం మీద జూన్ ముప్పై అని రాశారు. ఎనభై నిండిన మనిషి కాగితం మీద డెబ్బై తొమ్మిదికే పోయింది.

అందరూ ఆశ్రమానికి తిరిగొచ్చాక, ఒక ఆదివారం లెలాండ్ అక్కను చూడడానికి వెళ్లి, కిటికీ పక్క కుర్చీ లాక్కోబోయాడు.

"దాన్లో కూర్చోకురా," అంది ఆర్డిస్.

"ఏం?"

"ఓపల్ కూర్చుంది."

"ఓపల్ పోయింది కదక్కా."

"పోయిందని నాకు చెప్పొచ్చావా? నా కళ్ల ముందే పోయింది. ఎప్పుడు పోయింది? ఆరో తారీకున. మీ కాగితమేమో ముప్పై అంటోంది. మరి మధ్యలో ఆ రోజులు ఎవరివిరా? దాని పుట్టినరోజు ఎవరిది? పైకి పోదామంటే, ముప్పైన రావాల్సినదానివి ఇన్నాళ్లూ ఎక్కడున్నావంటారని దానికి బెంగ. ఇక్కడుందామంటే పోయినదాన్ని లెక్కలోకి ఎవరు తీసుకుంటారు? ఎటూ కాకుండా ఇదిగో, ఇక్కడ కూర్చుంది."

"నీతో మాట్లాడుతుందా?"

"బస్సు నిండా పిల్లల్ని కేకలేసిన నోరు, ఊరుకుంటుందా? రోజూ ఇవాళ తారీకెంతే అని అడుగుతుంది. చెబుతాను. వేళ్ల మీద లెక్క పెట్టుకుంటుంది. ముప్పై దగ్గరికొచ్చి ఆగిపోతుంది. మళ్లీ మొదలెడుతుంది. నాకు తల తిరిగిపోతోందనుకో."

లెలాండ్ నవ్వినట్టు మొహం పెట్టి ఆ పూటంతా నిలబడే మాట్లాడాడు. వెళ్లేముందు ఎందుకో కుర్చీ మీద చెయ్యి వేశాడు. కిటికీ తెర వేసి ఉంది, గదిలోకి ఎండ రావడం లేదు. కుర్చీ వెచ్చగా ఉంది.

ఈ ఏడాదీ అదే తంతు. కొత్త వంతెన ఎవరి జిల్లాలో కట్టాలన్న దగ్గర రెండు పార్టీలూ ఆర్నెల్లు కొట్టుకున్నాయి. జూన్ ముప్పై పొద్దున్నే ఆర్డిస్ ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఒంటిగంటకు బస్సులట. మంచాలకు చీటీలు అంటించేశారు. ఓపల్ మంచానిక్కూడా, దాని పేరుతోనే. ఎవరు రాసిచ్చారమ్మా అంటే ఆ నర్సు పిల్ల తెల్లమొహం వేసింది."

"నేనేం చెయ్యగలనక్కా?"

"నిన్నేం చెయ్యమన్నాను? ఈసారి ఆ హాల్లోంచి నేను తిరిగి రానేమోనని భయంగా ఉందిరా. ఆ మాట ఎవరితోనైనా అనాలనిపించింది. ఓపల్ మాత్రం పొద్దున్నే వెళ్లిపోయింది. ఈ ఎండల్లో ఆ ఆకుపచ్చ స్వెట్టరు వేసుకుని మరీ."

"ఎక్కడికి?"

"నాకు చెప్పి వెళుతుందా ఏం?"

పదకొండున్నరకు లెలాండ్ నిచ్చెన భుజాన వేసుకుని సభ దగ్గరికి వచ్చాడు. సందర్శకుల గ్యాలరీ తలుపు దగ్గర ఉండే డెల్ఫీన్ మెట్లు దిగి వచ్చి అతన్ని ఆపింది. లోపలికి వెళ్లే ఒక్కో మనిషికీ ఒక్కసారి నొక్కే లెక్క మిషను ఆమె గుప్పిట్లో ఉంది.

"పెద్దాయనా, ఓసారి పైకి చూడు. నేను పంపింది నలభై రెండు మందిని. గ్యాలరీ కిటకిటలాడుతోంది."

"వెనక తలుపు తీసుందేమో."

"తాళం వేసుంది. రెండుసార్లు చూశాను. పైగా అంత మందిలో ఒక్కరైనా దగ్గితే ఒట్టు! ఒక్కరు కాలు కదపరే! నాకేమీ బాగాలేదు, నేను మాత్రం మళ్లీ లోపలికి వెళ్లను."

లెలాండ్‌కు తలెత్తి చూడబుద్ధి కాలేదు. తిన్నగా వెళ్లి గడియారం కింద నిచ్చెన ఆనించాడు.

స్పీకర్ ప్రూట్ మంచి హుషారైన మనిషి. "ఏమోయ్ లెలాండ్, ఈసారి పదిహేను రోజులకు తగ్గేలా లేదు. కేకు పెద్దది చెప్పమంటావా?" అన్నాడు. సభ్యులు నవ్వారు. కొందరి బల్లల కింద తలగడలు, పళ్లు తోముకునే బ్రష్షులు అప్పటికే సర్ది ఉన్నాయి. పదకొండూ నలభైకి ప్రూట్ గొంతు సవరించుకుని ఆ మాట అన్నాడు.

లెలాండ్ ఎక్కాడు. అద్దం తలుపు తీశాడు. లోలకం వచ్చి వేళ్లకు తగలబోతుండగా, తెరిచిన అద్దంలో వెనక ఉన్న గ్యాలరీ కనిపించింది. మూడో వరసలో ఆకుపచ్చ స్వెట్టరు. ఓపల్. ఆమె చుట్టూ వరసల నిండా ముసలివాళ్లు, రోగులు, ఆసుపత్రి గౌన్లలో ఉన్నవాళ్లు. ఆ మొహాలు అతనెరుగడు. అయినా వాళ్లెవరో తెలిసిపోయింది. అతను ఆపిన రోజుల్లో పోయినవాళ్లు. ముప్పై ఒక్క ఏళ్లలో అలా పోయిన వాళ్లందరూ. ఎవరి మొహంలోనూ కోపం లేదు. అందరూ తలలు వంచుకుని వేళ్ల మీద లెక్క పెట్టుకుంటున్నారు.

లెలాండ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అద్దం తలుపు మూశాడు.

"కానివ్వవోయ్, నిమిషం దాటింది," అన్నాడు ప్రూట్.

"ఆపనండి."

"ఏమిటీ?"

"గడియారం ఆపనండి. మీకు పంతొమ్మిది నిమిషాలున్నాయి."

ముందు నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. ఆపైన గోల మొదలైంది. ముందు వరసలోని సభ్యుడొకడు, "దిగవయ్యా, నేనాపుతాను," అంటూ వచ్చి నిచ్చెన మీద కాలు పెట్టాడు. రికార్డు రాసే ఆవిడ తలెత్తకుండానే చెప్పింది: "గడియారం నడుస్తోందని రాసేశానండీ. ఇప్పుడు ఎవరు ఆపితే వాళ్ల పేరు రాస్తాను. పేరు చెప్పండి." ఆ సభ్యుడు కాలు తీసేశాడు.

"నీకేమైనా పిచ్చెక్కిందా?" అన్నాడు ప్రూట్, గొంతు తగ్గించి. "రెండు నెలల్లో రిటైరవుతున్నావు. పెన్షన్ గుర్తుందా?"

"ఉందండి. పద్దెనిమిది నిమిషాలు."

ఆ తర్వాత జరిగింది చూసి తీరాలి. ఆర్నెల్లుగా ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చి బల్లల మధ్యలో కలుసుకున్నారు. వంతెన సంగతి పక్కన పెట్టేద్దామన్నాడు ఒకడు. సరేనన్నాడు ఇంకొకడు. ఆర్నెల్ల తగవుకు ఆ రెండు మాటలు సరిపోయాయి. కాగితాలు చేతులు మారాయి. ఎవరి చెయ్యో తగిలి ఒక కాఫీ కప్పు బోర్లా పడింది, తుడిచేందుకు ఎవరూ వంగలేదు. పేర్లు పిలిచారు, ఓట్లు వేశారు. పదకొండూ యాభై అయిదుకు బడ్జెట్ ఆమోదం పొందింది.

సభ చప్పట్లతో మారుమోగింది. కొండనెత్తి పక్కన పెట్టినట్టు ఒకర్నొకరు కావలించుకున్నారు. ప్రూట్ చెమట తుడుచుకుంటూ వచ్చి లెలాండ్ వీపు తట్టాడు. "హడలగొట్టావు కదయ్యా! అయినా చూశావా, అనుకుంటే మేం చెయ్యలేమా ఏం?"

లెలాండ్ తలెత్తి గ్యాలరీ వైపు తిన్నగా చూశాడు. వాళ్లు లెక్క పెట్టడం మానేశారు. సంబరపడుతున్న సభ్యులను ఒక్కరూ చూడడం లేదు. అందరూ అతన్నే చూస్తున్నారు.

గడియారం పన్నెండు కొట్టింది. ఒక్కో దెబ్బకూ ఒక్కో వరస పలచబడుతూ వచ్చింది. పన్నెండో దెబ్బకు మామూలు జనం నలభై రెండు మందీ, ఓపలూ మిగిలారు. ఆకుపచ్చ స్వెట్టరు మాత్రం నింపాదిగా లేచి, తలుపు దాటి బయటికి వెళ్లింది. అక్కడ నిలబడ్డ డెల్ఫీన్ చేతిలోని మిషను తనంతట తానే ఒక్కసారి టక్కుమంది.

సాయంత్రం అతను పైన్ లేక్ చేరేసరికి బస్సులు ఖాళీగా వెనక్కి వెళ్లిపోయి ఉన్నాయి. నర్సులు ఎదురొచ్చి అతని చేతులు పట్టుకున్నారు. ఆర్డిస్ అతన్ని వంగమని చెప్పి, నుదుటి మీద ముద్దు పెట్టుకుని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, జరిగిందంతా రెండుసార్లు చెప్పించుకుంది. నిచ్చెన ఎక్కబోయి దిగినవాడి దగ్గర పగలబడి నవ్వింది.

"ఇంతకీ ఎంతసేపు పట్టిందిరా వాళ్లకి?"

"పద్నాలుగు నిమిషాలు."

ఆర్డిస్ నవ్వు ఆగిపోయింది. కిటికీ వైపు తిరిగి, ఎవరో చెబుతుంటే వింటున్నట్టు కాసేపు తల ఊపింది. మళ్లీ తమ్ముడి వైపు తిరిగినప్పుడు ఆమె మొహంలో కోపం లేదు. చెప్పడానికి ఇష్టం లేని మాట చెప్పాల్సి వచ్చినట్టుంది.

"ఓపల్ అడుగుతోందిరా."

"ఏమని?"

"పోయినేడాది కూడా నిచ్చెన మీదున్నది మీ తమ్ముడే కదా అని."