యాదమ్మ చూపిన తొవ్వ

చాలా ఏళ్లుగా ఒక బిందె బరువు మోస్తున్నాను. నిండు బిందె కాదు, ఖాళీది. ఖాళీ బిందె ఇంత బరువుంటుందని మీకెవరైనా చెప్పారా?

స్టీలు బిందె. దాని మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా "మహిళల మారథాన్, ప్రథమ బహుమతి" అని కొట్టించి ఉంటుంది. పొద్దున్నే నీళ్లు పడుతుంటే ఆ అక్షరాలు వేళ్లకు తగులుతాయి. చదవక్కర్లేదు. వేళ్లకే తెలుసు, అది నాది కాదని.

నా పేరు అడగకండి. నోరు గలదాన్నని మాత్రం చెప్పగలను. దిల్‌సుఖ్‌నగర్‌లో కూరగాయల బండి దగ్గర, నేను సివిక్స్ చెప్పే కాలేజీ స్టాఫ్ రూములో, ఎల్‌బీ నగర్ పోయే సిటీ బస్సులో నాతో వాదించి నెగ్గినవాళ్లు తక్కువ. నోరున్న మనిషి కడుపులో ఏదీ దాగదని లోకం అనుకుంటుంది. లోకానికి తెలియదు. ఎంత ఎక్కువ మాట్లాడితే అంత బాగా దాచుకోవచ్చు. మాటల కుప్ప కింద ఒక మాటను పాతిపెడితే ఎవరు తవ్వుతారు? ఇవాళ నేనే తవ్వుతున్నాను. మీరు కాసేపు కూర్చోండి.

రత్నకుమారి చైతన్యపురిలో మా పై పోర్షన్‌లో ఉండేది. తెనాలి వైపు వాళ్లు, భర్తకు బ్యాంకులో ఉద్యోగం. మేము నల్లగొండ వైపు నుంచి వచ్చినవాళ్లం. ఆమె నన్ను "వదినా" అనేది, నేను ఆమెను "వదినె" అనేదాన్ని. మా మధ్య దూరం అంతే.

నాకు పరుగు నేర్పింది ఆమె. షుగర్ అంచుకు వచ్చేశావని డాక్టరు బెదిరిస్తే, మర్నాడు చీకటితో వచ్చి తలుపు కొట్టి నన్ను లేపింది. మొదట్లో ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా పరుగు, ఆ తర్వాతి స్తంభం దాకా నడక. హాస్టళ్ల బాల్కనీల్లో కోచింగ్ పిల్లలు పళ్లు తోముకుంటూ మమ్మల్ని చూసి నవ్వేవారు. ఇడ్లీ బండ్ల దగ్గర పొయ్యిలు అప్పుడప్పుడే అంటుకునేవి. కొన్నాళ్లకు నవ్వులు ఆగిపోయాయి, మా కాళ్లు ఆగలేదు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ అంటే ఎల్‌బీ నగర్ చౌరస్తా మొత్తం మా ఇద్దరిదే. విజయవాడ హైవే నడిమధ్యన ఇద్దరు నడివయసు ఆడవాళ్లు, పక్కపక్కన, లారీ లేదు, బస్సు లేదు, హారన్ లేదు. మంచులో రోడ్డు ఎక్కడ ముగుస్తుందో, ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. నిద్రలో పరుగెత్తుతున్నట్టే ఉండేది. రాష్ట్రం గురించి కొట్లాడుకునేవాళ్లం కూడా. పరుగులో ఊపిరి చాలదు కదా, అందుకని వాదనలు పొట్టిగా ఉండేవి. ఇంటికొచ్చాక ఆమె కాఫీ ఇచ్చేది, నేను తాగుతూ మిగతా వాదన పూర్తి చేసేదాన్ని.

మా చిన్నమ్మ వాళ్ల ఊరు హైవే మీదే ఉన్న చిన్న పట్నం. అక్కడి కుర్రాళ్లు తెలంగాణ కోసం పరుగు పందెం పెట్టారు. మారథాన్ అని పేరేగానీ అందులో సగం దూరం కూడా లేదు. పట్నం నుంచి మొదలై, చేలల్లోంచి రెండు పల్లెలు చుట్టి మళ్లీ పట్నానికే రావాలి. నాకు ఫోన్ వస్తే రత్నం విన్నది.

"నేను రావచ్చా వదినా? ఎవరూ ఏమనుకోరు కదా?"

"కాళ్లకు జిల్లా ఉంటదా వదినె? నడువ్!" అన్నాను నేను. ఎంత బాగా అన్నానో! అంత బాగా అన్న మనిషే తర్వాత ఏం చేసిందో చూడండి.

పరుగు మొదలయ్యే చోట మా చిన్నమ్మ కొడుకు శ్రీశైలం నవ్వుతూ అంటించాడు. "గీ ఆంధ్రామెను ఎంట తెచ్చినవేందక్కా? బిందె ఎత్కపోతది జూడు. ఇజ్జత్ కా సవాల్!" చుట్టూ ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. రత్నం కూడా నవ్వింది. "బిందెలు మా ఇంట్లో బోలెడున్నాయి బాబూ, నాకు టిఫిన్ పెడితే చాలు" అంది. నేనూ నవ్వాను. అయితే ఆ మాట నవ్వుతో పాటు బయటికి పోలేదు. లోపల ఎక్కడో ముల్లులా దిగింది.

ఆ ఉదయాన్ని మీకు ఎలా చూపించాలి? మంచు మోకాళ్ల ఎత్తున పారుతోంది. పత్తి కాయలు పగిలి, తెల్లదనం మంచుదో పత్తిదో తేలడం లేదు. తాటి చెట్లు మొదళ్లు లేకుండా గాలిలో నిలబడినట్టున్నాయి. గట్ల మీద గునుగు పూలు, తంగేడు పూలు. ఎక్కడో డప్పు మోగుతోంది, అది ముందుందో వెనకుందో తెలియదు. మగవాళ్లు ఎప్పుడో ముందుకు పోయారు. ఆడవాళ్లం కొద్దిమందిమి, అందులో అందరికంటే ముందు మేమిద్దరం. నా కాళ్లు నావి కాదు. మట్టి బాటే నన్ను మోసుకుపోతోంది. అంత సుఖం నాకు మళ్లీ ఎప్పుడూ దొరకలేదు. ఆ సుఖంలోంచే ఆ పని పుట్టింది. అది గుర్తొస్తే ఇప్పటికీ భయమేస్తుంది. కోపంలో చేసి ఉంటే అర్థముండేది కదా? నేను హాయిగా ఉన్నప్పుడు చేశాను.

రెండో పల్లెలో ఒక కాలేజీ పిల్లకు పిక్కలు పట్టేశాయి. రత్నం ఆగిపోయింది. "నువ్వెళ్తూ ఉండు వదినా, ఈ పిల్లకు కాలు నొక్కి వచ్చేస్తా. అందుకుంటాలే" అంది. అందుకుంటుంది. నాకు తెలుసు. ఆమె ఎప్పుడూ నన్ను అందుకునేది, దాటేది, దాటాక నా కోసం ఆగేది. ఆ ఆగడమే నేను భరించలేకపోయానా?

పల్లె దాటాక బాట రెండుగా చీలింది. ఎడమకు పోతే చేలల్లోంచి పట్నానికి, కుడికి పోతే బస్సులు ఆగే తారు రోడ్డుకు. సున్నంతో బాణం గుర్తు వేశారట, తెల్లారేసరికి గొర్ల మంద దాని మీదుగా పోయింది. అందుకని ఆ చేను మనిషి యాదమ్మను అక్కడ నిలబెట్టారు. ముసలామె. పక్కన అంబలి కుండ.

"గిట్ల పో బిడ్డా, ఎడమ దిక్కు. జర అంబలి తాగి పో. ఎనుక ఇంకెవలన్న ఉన్నరా?"

తాగాను. చల్లగా, పుల్లగా ఉంది. గ్లాసు తిరిగిస్తూ, ముందే అనుకుని పెట్టుకున్నట్టు, తడబడకుండా అన్నాను.

"ఒకామె ఒస్తది పెద్దమ్మా. నీలం బట్టలు. ఆమెకు పానం మంచిగ లేదు, బస్సెక్కాలె. రోడ్డు తొవ్వ చూపియ్యి. పరుగు పరుగు అని మొండికేస్తది, నువ్వు ఇనకు."

"అయ్యో పాపం. నేను తోల్కపోత తియ్యి. నువ్వు పైలం" అంది యాదమ్మ.

అంతే. అన్నాక పరుగెత్తాను. వెనక్కి తిరిగితే అయిపోయేది. ఒక్క కేక వేస్తే అయిపోయేది. నా గొంతు ఎంత దూరం వినిపిస్తుందో మా వీధి మొత్తానికి తెలుసు. ఎందుకు వెయ్యలేదు? ఉద్యమం కోసమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మన గడ్డ మీద, మన పరుగులో, మన మనిషే గెలవాలని. ఎంత చక్కటి సాకు! అంతమంది పిల్లలు ప్రాణం పెట్టిన ఉద్యమాన్ని, నా ఓర్వలేనితనం మీద దుప్పటిలా కప్పుకున్నాను. ఉద్యమం నన్ను ఆ పని చెయ్యమనలేదు. నాకు గెలవాలనిపించింది. ఒక్కసారి, ఎవరూ నా కోసం ఆగకుండా.

డప్పుల మధ్య పట్నంలోకి వచ్చాను. మెడలో దండ వేశారు, చేతికి బిందె ఇచ్చారు. శ్రీశైలం ఈలలు వేశాడు. చాలాసేపటి తర్వాత రత్నం ఎవరిదో ట్రాక్టర్ మీద వచ్చింది, నుదుట కుంకుమ చెమటకు కారిపోయి. నన్ను చూసి, బిందెను చూసి, "గెలిచావా వదినా!" అని నన్ను కావలించుకుంది. నిజంగానే సంతోషించింది. అదొక్కటి చెయ్యకుండా ఉంటే బాగుండేది.

తిరుగు బస్సులో కిటికీ వైపు చూస్తూ ఆమె మొదలుపెట్టింది.

"ఆ ముసలావిడ నన్ను కావాలనే తప్పించింది వదినా. 'పరుగు ఎటండీ' అన్నాను. నా యాస విని మొహంలోకి చూసి, రెక్క పట్టుకుని రోడ్డు దాకా నడిపించింది. నేనేదో అడ్డదారి అనుకుని వెళ్లాను."

"ముసల్దానికి తెల్వక చూపించిందేమో. ప్రతిదాంట్ల గదే కనవడ్తదా నీకు? మావోళ్లు అసొంటోళ్లు కాదు."

"తెలియకనా? రోడ్డు మీద నిలబెట్టి, నడుము సంచీలోంచి కుంకుమ తీసి బొట్టు పెట్టింది. మర్యాదగా మీ ఊరెళ్లిపో అన్నట్టు."

"బొట్టు పెట్టుడు మా దగ్గర మర్యాద వదినె. ఆడిమనిషిని ఉత్త నుదురుతోని తోలం."

"మా దగ్గరా మర్యాదే. సాగనంపేటప్పుడు పెడతాం." నుదురు తుడుచుకుంది. "నీ పానం మంచిగ లేదు, పో బిడ్డా అంటుంది. నాకు బాగాలేదని ఆవిడకెవరు చెప్పారు వదినా?"

ఆ ప్రశ్న అక్కడే, మా రెండు సీట్ల మధ్య ఆగింది. ఆమె నా వైపు చూడలేదు. అనుమానంతో అడిగింది కాదు, ఉక్రోషంతో అడిగింది. నా ఒళ్లో బిందె. నేను ఇంకా గట్టిగా వాదించాను. మా ఊళ్ల మంచితనం గురించి, యాదమ్మ లాంటివాళ్ల మనసు గురించి ఎల్‌బీ నగర్ దాకా వాదించాను. అన్నదంతా నిజమే. ఇంత నిజం చెప్పి ఇంత అబద్ధమాడిన రోజు నా బతుకులో ఇంకోటి లేదు.

ఆ తర్వాత రత్నం తలుపు కొట్టలేదు. మోకాలు నొప్పి అంది. మెట్ల మీద కలిస్తే నవ్వేది, కానీ మా వాళ్లెవరైనా పక్కనుంటే మాట తగ్గించుకునేది, తన యాస తనకే చప్పుడవుతున్నట్టు. అప్పటిదాకా మార్కెట్లో గొంతెత్తి బేరమాడిన మనిషి, వేలితో చూపించి కొనుక్కోవడం చూశాను. రాష్ట్రం వచ్చేలోపే ఇల్లు ఖాళీ చేసి విజయవాడ వెళ్లిపోయారు. ఎవరూ పొమ్మనలేదే అని వీధిలో అందరూ ఆశ్చర్యపోయారు. నేనూ వాళ్లతో పాటు ఆశ్చర్యపోయాను. అదీ చేశాను.

మరుసటి ఏడు చిన్నమ్మ ఇంట్లో పెళ్లికి పోయినప్పుడు, ఆ పల్లె మీదుగా ఆటోలో వెళ్తుంటే యాదమ్మ ఆపింది. నన్ను గుర్తుపట్టింది. సీతాఫలాలు నా ఒళ్లో పోస్తూ అడిగింది. "గా నీలం బట్టల బిడ్డ మంచిగ ఇల్లు చేరిందా? పానం ఎట్లున్నది? ఏడ్సుకుంట బస్సు కోసం నిలవడ్డది, నాకు మనసున వట్టలే. చేన్ల గొడ్లు వడ్డయని మర్లి ఒచ్చిన. బస్సెక్కిందాక ఉండకపోతినని బాధ."

"చేరింది పెద్దమ్మా. మంచిగున్నది" అన్నాను. ఇది యాదమ్మకు చెప్పిన రెండో అబద్ధం. మొదటిదానికంటే పెద్దది.

యాదమ్మ ఇప్పుడు లేదు. మొన్న నాగోల్‌లో ఒక పెళ్లికి రత్నం కూతురు వచ్చింది. భోజనాల బల్ల దగ్గర ఎవరో ఉద్యమం రోజుల మాట ఎత్తితే, ఆ పిల్ల అందుకుని చెప్పింది. ఒక ముసలిది వాళ్లమ్మను పరుగులోంచి రెక్క పట్టి ఎలా గెంటేసిందో, బొట్టు పెట్టి మరీ ఎలా వెళ్లగొట్టిందో. చిన్నపిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. ఆ కథలో యాదమ్మకు కోరలొచ్చాయి. అంబలి కుండ లేదు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. నోరు గలదాన్ని. పెరుగన్నం కలుపుకుంటూ కూర్చున్నాను.

అప్పటి నుంచి రాత్రిళ్లు అదే బాట కనిపిస్తోంది. మంచు, పత్తి, మొదళ్లు లేని తాటి చెట్లు. నేను పరుగెత్తుతూనే ఉంటాను. వెనక నుంచి రత్నం కాళ్ల చప్పుడు దగ్గరవుతుంది, అందుకోదు. చీలిక దగ్గర యాదమ్మ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంటుంది. "ఎనుక ఇంకెవలన్న ఉన్నరా బిడ్డా" అంటుంది. నేను నోరు తెరిచేలోపు మెలకువ వస్తుంది.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీరెవరు? ఆ పని చెయ్యాల్సిన ఇద్దరిలో ఒకామె పోయింది, ఇంకొకామెకు ఫోన్ చేసే ధైర్యం నాకు ఇవాళ్టికీ లేదు. రేపు వస్తుందో రాదో కూడా తెలియదు. కానీ ఆమె బస్సులో ఒక ప్రశ్న అడిగింది. మాట పడనివ్వని మనిషినని పేరున్న నేను, జవాబు చెప్పకుండా వదిలేసిన ప్రశ్న అదొక్కటే. ఇన్నేళ్లకు, ఆమెకు వినిపించని చోటైనా సరే, ఒక్కసారి పైకి అంటాను.

నీకు బాగాలేదని ఆమెకెవరు చెప్పారని అడిగితివి కదా. నేనే చెప్పిన, వదినె.