ముగ్గు గడుల్లో ఇంజిను

చదువుకున్నవాడొకడు మీ ఇంటికి వచ్చి, మీరు ఇన్నాళ్లూ తప్పుగా చేస్తున్న పనిని శాస్త్రీయంగా సరిచేస్తానంటే, పాఠకులారా, మీరు వాడికి పీట వేస్తారా, చీపురు తీస్తారా? మా ఇంట్లో పీట వేశారు. ఆ చదువుకున్నవాణ్ణి నేనే కాబట్టి, దానివల్ల ఏం జరిగిందో చెప్పే అర్హత నాకు సంపూర్ణంగా ఉంది.

అప్పుడు నేను అనంతపురం కాలేజీలో రెండో ఏడు చదువుతున్నాను. వాదపోటీలో మూఢనమ్మకాలను ఖండించి, ఒక కప్పు గెలుచుకుని, వేసవి సెలవులకు నల్లమాడ దగ్గరి మా ఊరికి వచ్చాను. రెండేళ్లుగా వాన ముఖం చాటేసింది. చేలో శనక్కాయ లేదు. మా ఇంటికి అన్నం పెడుతున్నది నాయన కదిరికి తిప్పే బాడుగ కారు ఒక్కటే. ఆ కారు ఎంత పొగ వదిలేదంటే, వెనక వచ్చే ఎద్దుల బండివాడు దారి కనపడక ఆగిపోయేవాడు. తనిఖీ అధికారి గడువు పెట్టాడు: ఇంజిను బాగు చేయించి ఫలానా సోమవారం అనంతపురంలో చూపకపోతే పర్మిట్టు రద్దు.

నాయన ఇంజినును మా వాకిట్లోనే విప్పించాడు. విప్పినవాడు చర్చి వీధి మేస్త్రి. మిలిటరీ లారీల దగ్గర పని నేర్చుకున్న మనిషి. నేను వచ్చేసరికి పని మొదలై ఇరవై రోజులు. పేడ అలికిన నేలమీద అమ్మ ముగ్గుపిండితో నాలుగు పెద్ద గడులు గీసి ఉంది. ఒక్కొక్క గడిలో కొంత ఇనుము కొలువుదీరి ఉంది. రోజూ తెల్లవారుజామున అమ్మ సామాన్లను ఒక్కొక్కటిగా ఎత్తి, గుడ్డతో దుమ్ము తుడిచి, నేల చిమ్మి, ముగ్గు మళ్లీ వేసి, దేని గడిలో దాన్ని పెట్టేది. పసుపు కుంకుమలు ఒక్కటే తక్కువ అనుకున్నాను.

"ఇంజినుకు ముగ్గేమిటమ్మా? అదేమైనా లక్ష్మీదేవా?"

"మేస్త్రి గీయమన్నాడు, గీస్తాండా. ఎందుకో కావాలంటే ఆయప్పనే అడుగు."

నేను అడగలేదు. ప్రత్యర్థిని కారణం అడిగితే వాదం బలహీనపడుతుందని మాకు కాలేజీలో చక్కగా నేర్పారు.

గడువుకు ముందు శనివారం మేస్త్రీ, నాయనా బోల్టుల కోసం కదిరికి వెళ్లారు. అమ్మ నీళ్లకు దూరపు బావికి పోయింది. పిస్టన్లు, వాటి కడ్డీలు అప్పటికే ఇంజినులోకి దిగాయి. ఆ కడ్డీలు కింద క్రాంకు అనే తిరిగే ఇరుసును పట్టుకునే చోట, పట్టు కింది సగంగా బిగించే క్యాపులు నాలుగూ, వాటి నట్లూ మాత్రమే గడుల్లో మిగిలాయి. సంస్కరణకు అంతకంటే అనువైన సమయం ఏముంటుంది? అన్నింటినీ ఒకే బేసిన్లో కిరసనాయిలుతో కడిగాను. ముగ్గు ఊడ్చేశాను. వార్తాపత్రిక పరచి, క్యాపులు ఒక వరసగా, నట్లు ఒక వరసగా, జాతుల వారీగా వర్గీకరించాను. చూడముచ్చటగా ఉంది.

మధ్యాహ్నం మేస్త్రీ, నాయనా తిరిగి వచ్చారు. మేస్త్రి ఆ పత్రిక ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎవరప్పా ఈ పని చేసింది?"

"నేనే. ఇక వెతుక్కునే బాధ లేదు."

"ఒకటో గడి క్యాప్ ఏదో చూపియ్యి."

"నాలుగూ ఒకటే కదా!"

"నీకూ మీ నాయనకూ రెండేసి కాళ్లే ఉండాయి. చెప్పులు మార్చుకుని కదిరికి నడుస్తారా?"

అప్పుడు చెప్పాడు. ప్రతి క్యాపు లోపలా మెత్తటి లోహం ఉంటుంది. అది తన చోట మాత్రమే సరిగ్గా కూర్చునేలా ఆయన దాన్ని చేత్తో కొంచెం కొంచెం గీరుతూ వచ్చాడు. ఇరవై రోజుల పని అదే. ఒకదాని చోట మరొకటి బిగిస్తే ఇంజిను పట్టేస్తుంది, లేదా సుత్తితో కొట్టినట్టు మోగుతుంది.

"మరి గుర్తులు కొట్టుకోవచ్చు కదా?" ఓడిపోతున్నవాడు వేసే ప్రశ్న వేశాను.

"మీయమ్మ ముగ్గుండగా ఇనుముకు దెబ్బలెందుకప్పా?"

నాలుగు క్యాపులను ఇరవైనాలుగు విధాల అమర్చవచ్చని నేను వెంటనే లెక్కకట్టి చెప్పాను. ఆ జ్ఞానానికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాయన తిట్టలేదు. "ఎల్లుండి సోమవారం" అని మాత్రం అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అంతలో అమ్మ బిందెతో వచ్చింది. సంగతి విని, బిందె దించి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఒక క్యాపు ఎత్తి అంచు వెంబడి బొటనవేలు నడిపింది.

"ఇది మూడోది. ఈడ గోరంత నొక్కు ఉండాది." ఇంకొకటి తీసింది. "ఇది ఒకటోది. లోపల ఎడమ పక్క ఎక్కువ గీరినాడు, వేలు జారుతాది." మిగిలిన రెండింటినీ చాలాసేపు తడిమి కింద పెట్టింది. "ఈ రెండూ తెలీదు మేస్త్రన్నా. తెలీనిది తెలుసునని ఎట్ల చెప్పేది?"

ఆ చివరి మాట మా వాదపోటీల్లో ఏనాడూ వినబడలేదు.

రెండు క్యాపులకు రెండే దారులు. మేస్త్రి క్రాంకుకు నూనెలో కలిపిన మసి పలచగా పూసి, క్యాపులు బిగించి, తిప్పి, విప్పి, మసి లోపలంతా సమంగా అంటిందా అని చూశాడు. మొదటి దారి తప్పు. రెండోసారి క్రాంకు చేతికి మెత్తగా తిరిగింది. ఏది ఎక్కడ బిగించినా పట్టే విడి నట్లు మాత్రం నాకిచ్చి తుడవమన్నారు. నేను తుడుస్తుంటే అమ్మ అంది: "నీకిచ్చిన ఆ కప్పులో వేసి పెట్టప్పా, అదన్నా పనికొస్తాది."

ఆదివారం మధ్యాహ్నం ఇంజిను మేలుకుంది. సోమవారం అనంతపురంలో అధికారి హారన్ నొక్కాడు, పొగ లేదని చూశాడు, సంతకం చేశాడు. పర్మిట్టు నిలిచింది. కాగితంలో మరమ్మతు చేసినవారి చోట మేస్త్రి పేరు రాశారు. అమ్మ పేరు కూడా రాయాలని అభ్యంతరం లేవదీయవలసిన వక్త ఆ గదిలో ఒకడు ఉన్నాడు; నోరు విప్పలేదు.

అందువల్ల మీకు నా విన్నపం ఒకటే. ఇది మూసి లేవండి. మీ ఇంట్లో అర్థంలేనిదని మీకు తోచే అమరిక ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని అలా పెట్టినవారి దగ్గరకు వెళ్లి ఎందుకని అడగండి. వారు చెప్పడం పూర్తయ్యేదాకా మీ చేతులు వెనక్కి కట్టుకోండి.