నంద్యాల నీళ్లు, నాయన గడ్డం

మా నాయన గడ్డంతో ఉన్న రోజులు తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆళ్లగడ్డ బడిలో సారుగా పనిచేసినన్నాళ్లూ ఆయన పొద్దున్నే కిటికీ చువ్వకు అద్దం తగిలించి తన గడ్డం తానే గీసుకునేవాడు. జుట్టు కత్తిరించడానికి సెలూన్‌కు పోయేవాడు గానీ, గడ్డం మీద మాత్రం ఎవరినీ చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆయనే. మాసిన గడ్డంతో అక్కడ నిలబడేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మండేది.

ఎనభైల మొదట్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. నంద్యాల ఆసుపత్రిలో ప్రాణం దక్కింది, మాట దక్కింది, కుడిచెయ్యి మాత్రం దక్కలేదు. ఇంటికి వచ్చాక ఎడమచేత్తో గీసుకోబోయి చెంప కోసుకుని, రేజరును పెరట్లోకి విసిరేశాడు. సెలూనాయన ఇంటికే వచ్చి గీస్తానంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు. గడ్డం పెరిగింది. ఆ గడ్డంతో చర్చికి పోనన్నాడు, తర్వాత వీధిలోకే పోనన్నాడు. చూడటానికి ఎవరైనా వస్తే దుప్పటి ముసుగు పెట్టేవాడు.

అప్పుడు నేను నంద్యాలలో టీచరుగా పనిచేస్తూ ఒక గదిలో అద్దెకుండేదాన్ని. శనివారం సాయంత్రం శిరివెళ్ల మీదుగా పోయే బస్సెక్కి ఇంటికి పోయేదాన్ని. పోయిన ప్రతిసారీ అమ్మది ఒకటే మాట.

"మనిషి ఈడనే ఉండాడు, పాపా. అయినా ఇంట్లో మనిషి లేనట్టే ఉండాది. మళ్లా ఆయప్ప చర్చిలో నిలబడి వాక్యం చదివేది నేను సూడల్ల, అంతే."

నాకు ఓపిక తక్కువ. మొండిమనిషితో మనమేం చేయగలం, వదిలేయమన్నాను. అమ్మ నావైపు ఒక చూపు చూసి లోపలికి పోయింది.

ఆ ఎండాకాలంలో మా మామ, అమ్మ తమ్ముడు, సున్నిపెంట నుంచి వచ్చాడు. డ్యాం దగ్గర పనిచేసేవాడు. అక్కడి నుంచి వెళ్లిపోతూ ఒక పెద్ద ఇంజనీరు ఇచ్చాడని చిన్న అట్టపెట్టె తెచ్చి నాయన మంచం మీద పెట్టాడు. అందులో ఇంకా వాడని గడ్డం బ్రష్షు ఉంది. పాలమీగడ రంగు పిడి, మొదట్లో నల్లగా, కొసల్లో తెల్లగా ఒత్తైన వెంట్రుకలు. అంత అందమైన బ్రష్షును నేను అంతకుముందు చూడలేదు. పెట్టె మీద బ్యాడ్జర్ వెంట్రుకలని ఇంగ్లిషులో రాసి ఉంది.

"బ్యాడ్జర్ అంటే ఏంది బావా?" అని మామ అడిగాడు.

నాయన ముసుగు తీశాడు. ఎవరైనా ఏదైనా అర్థం అడిగితే ఆయన ఊరుకోలేడు. ప్రత్యక్షగుడారమని దేవుడి కోసం వేసిన గుడారానికి పైన కప్పిన తోళ్లను ఇంగ్లిషు బైబిల్లో బ్యాడ్జర్ తోళ్లన్నారని, అదే చోట మన తెలుగులో సముద్రవత్సల తోళ్లని ఉందని చెప్పాడు. కాబట్టి బ్యాడ్జర్ అంటే సముద్రవత్స. సముద్రంలో ఉండే జంతువు. అది భూమిలో బొరియ తవ్వుకుని బతికే జంతువని నేను ఒక బొమ్మల పుస్తకంలో చూసింది చాలా ఏళ్ల తర్వాత. ఆ రోజు మా ఇంట్లో సముద్రవత్స మీద ఎవరికీ అనుమానం రాలేదు. జబ్బు చేసిన తర్వాత నాయన అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు, మాకు అదే పండగ.

ఆయన బ్రష్షును ముట్టుకోలేదు. అమ్మ తీసుకుంది. సముద్రంలో బతికిన జంతువు వెంట్రుకలు ఉప్పునీళ్లలో అయితేనే మెత్తబడతాయని, చెంబులో గుప్పెడు కల్లుప్పు కలిపి బ్రష్షును రాత్రంతా నానేసింది. తెల్లారి తీస్తే ఇల్లంతా తడిసిన మేక వాసన. సబ్బు మీద ఎంత రుద్దినా నాలుగు బుడగలు లేచి చచ్చిపోయాయి. మామ నవ్వు ఆపుకోలేక టీ తాగొస్తానని బయటికి పోయాడు.

అమ్మ నవ్వలేదు, విసుక్కోలేదు. "యా జంతువుదైతేనేం, వెంట్రుకలు వెంట్రుకలే గదా" అంటూ కుంకుడురసం తీసి, తలంటినట్టు బ్రష్షుకు అంటింది. రెండు మూడుసార్లు రుద్దేసరికి వాసన చాలావరకు పోయింది. నురగ మాత్రం రాలేదు. మరుసటి శనివారం నేను పోయేసరికి అమ్మ పెరట్లో కూర్చుని కంచు గిన్నెలో ఇంకా తిప్పుతూనే ఉంది. బ్రష్షు బాలేదేమోనన్నాను.

"బ్రష్షుకేం, బంగారట్ల ఉండాది. మన బాయి నీళ్లల్లో కందిపప్పే ఉడకదు, నురగ యాడొస్తాది? నీ గదికాడ కొళాయి నీళ్లు మెత్తగుంటాయి గదా, వచ్చే వారం కొన్ని పట్టకరా."

అలా నేను నంద్యాల నీళ్లను క్యానులో ఆళ్లగడ్డకు మోసాను. బస్సులో కండక్టరు క్యాను మూత తీసి వాసన చూశాడు. "ఏందక్కా, ఆళ్లగడ్డలో నీళ్లు లేవా?" అన్నాడు. "ఉండాయి, మా నాయనకు పనికిరావు" అన్నాను. బస్సంతా నవ్వింది, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మనసులో అమ్మను నాలుగు తిట్టుకున్నాను.

ఆదివారం పొద్దున అమ్మ వసారాలో నాయన మంచానికి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. గోరువెచ్చటి నంద్యాల నీళ్లలో బ్రష్షును నాననిచ్చి, ఒక్క విదిలింపు విదిలించింది. సబ్బు మీద మెల్లగా, ఒత్తకుండా తిప్పింది. గిన్నెలోకి మార్చి, వేలికొసలతో రెండు చుక్కలు చల్లి తిప్పింది, మళ్లీ రెండు చుక్కలు చల్లింది. మొదట పెద్ద పెద్ద బుడగలు వచ్చాయి. తొందరపడలేదు. బుడగలు చిన్నవై, కనిపించకుండా పోయి, గిన్నె నిండా వెన్నలాంటి నురగ మిగిలింది. సరిగ్గా వచ్చిందో లేదోనని తన ముంజేతికి పూసుకుంది. ఎంత కుదిరిందంటే మోచేతి దాకా పూసుకుని, చెయ్యెత్తి చూసుకుని, చిన్నపిల్లలా నవ్వింది. మా అమ్మ అంత అందంగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

నాయన అంతసేపూ అటే చూస్తున్నాడు. ఎదుట ఎవరైనా పని తప్పుగా చేస్తుంటే సారన్నవాడు ఎంతసేపని ఓర్చుకుంటాడు.

"అట్లగాదు మే," అన్నాడు. "గిన్నెలో తిప్పితే సగమే. తక్కినది మొగం మీదనే తిప్పల్ల. అప్పుడే వెంట్రుక లేసి నిలబడ్తాది."

"యా మొగం మీద తిప్పేది?" అంది అమ్మ, చేతి నురగ తుడుచుకుంటూ. "నాకు గడ్డముండాదా?"

గిన్నె ఎగిరి పెరట్లో పడుతుందనే అనుకున్నాను. నాయన అమ్మను చూశాడు, నన్ను చూశాడు, దూలం వైపు చూశాడు. తర్వాత గడ్డం పైకెత్తాడు.

అమ్మ ముందు కత్తెరతో గడ్డం పొట్టిచేసి, బ్రష్షు అందుకుంది. చెంపల మీద, గొంతు కింద, పెదవి పైన, ఆయన చెప్పినట్టే గుండ్రంగా తిప్పింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. అమ్మ పెరట్లోంచి ఎప్పుడో ఏరి దాచిన రేజరుకు కొత్త బ్లేడు వేసి ఉంచింది. రేజరు పట్టడం ఆమెకు జీవితంలో అదే మొదలు. ఆయన ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని వాలు చూపిస్తుంటే, ఆమె ఆ వాలు పట్టుకుని గీస్తూ పోయింది. చిన్న గాటు కూడా పడలేదు. ఎవరైనా ఒక పనిని అంత శ్రద్ధగా, అంత ప్రేమగా చేయడం నేను మళ్లీ చూడలేదు. వదిలేయమని చెప్పిన నోరు నాది, ఆమె నా మాట విననందుకు ఎన్ని దండాలు పెట్టినా చాలవు.

తువాలుతో మొహం తుడుచుకున్నాక నాయన తెల్లచొక్కా తెమ్మన్నాడు.

ఆ రోజు ఆయన చర్చిలో ఎడమచేత్తో పుస్తకం పట్టుకుని వాక్యం చదివాడు. గొంతు కొంచెం తగ్గింది గానీ ఒక్క అక్షరం జారలేదు. ఆడవాళ్ల వైపు కూర్చున్న అమ్మ తల ఎత్తలేదు, వింటున్నదో ఏడుస్తున్నదో నాకు కనబడలేదు. ఆరాధన అయ్యాక మెట్ల మీద మగవాళ్లంతా ఆయన చుట్టూ చేరారు. సంఘపెద్ద ఒకాయన ఆయన చెంప వంక చూసి, "సార్, మొగం నున్నగుండాదే. యా సెలూను?" అని అడిగాడు.

మగవాడు పెళ్లాంతో గడ్డం గీయించుకున్నాడంటే ఊళ్లో ఎన్ని నోళ్లు లేస్తాయో నాకు తెలుసు, నాయనకు నాకంటే బాగా తెలుసు.

"సెలూను గాదు. మా ఇంటామె గీసింది," అన్నాడు నాయన, అందరికీ వినపడేట్టు. "నురగ గూడా ఆమెనే తీసింది. నాకు గూడా అంత బాగా రాదు."

తనకంటే బాగా ఇంకొకరు ఒక పని చేస్తారని మా నాయన అనగా నేను విన్నది ఆ ఒక్కసారే. అమ్మ చెప్పులు వేసుకోవడానికి వంగింది. వంగి, చాలాసేపు లేవలేదు.