పాట గరగరలాడే చోటు

శ్రీకాకుళం నుంచి విజయనగరం వెళ్లే ప్రైవేటు బస్సులో, నా లాప్‌టాప్ మీది వంకర గీతలు చూసి పక్క సీట్లో కూర్చున్న, చేపలమ్ముకునే ముసలామె అడిగింది: "ఏటమ్మా ఇయి?"

ఇంట్లోవాళ్లకే సరిగా చెప్పలేని పరిశోధన నాది. పైన పాట మోగుతున్న స్పీకరు చూపించాను. "సౌండు పెంచితే ఆంప్లిఫయర్లో ట్రాన్సిస్టర్లు పాటని పాడుచేస్తాయి మామ్మా. ఎంత పెంచితే ఎంత పాడవుద్దో ముందే లెక్క కడతాను."

ఆమె లేచి నిలబడింది. "డైవరు బాబూ, సౌండు బాగా ఎట్టు!"

పాట గరగరలాడింది. బస్సంతా చెవులు మూసుకుంది.

"ఇన్నారేటి? ఈ గరగర ఎప్పుడొస్తాదో మన సికాకులం పిల్ల ముందే లెక్క కట్టీసినాది!"

అందరూ నావైపు తిరిగారు. నేను తల దించుకోలేదు.

తర్వాత ఆ లెక్క చాలా సభల్లో చెప్పాను. నన్ను పరిచయం చేయడానికి పాటనే పాడుచేయించిన మనిషి మళ్లీ తగల్లేదు.