ఆమె చెయ్యెత్తినప్పుడు నేను ఆగలేదు

నా భార్య ఎస్తేరు సైన్యంలో నర్సుగా పనిచేసి, సర్వీసు ముగించుకుని మదనపల్లెకు వచ్చేసింది. నేను ఇక్కడి టమోటా మండీలో వేలం పాడతాను. ఒక రోజు ఆమె నాకు అన్నం క్యారియర్ తెచ్చింది. అప్పుడే లారీ మీద నుంచి ఖాళీ క్రేట్లు ధడాలున కింద పడ్డాయి. తిరిగి చూస్తే ఎస్తేరు బల్ల కింద ఉంది. పక్కనున్న ఆడకూలీని కూడా బల్ల కిందికి లాగి, తన ఒంటితో కప్పేసింది.

"ఏమప్పా, మిలటరీ ఆమె టమోటా క్రేట్లకే భయపడతాంది!" అన్నాడు ఒక వ్యాపారి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎస్తేరు లేచి నా ముఖమే చూసింది.

ఆ తర్వాత ఆమెకు నిద్ర కరువైంది. గిన్నె జారితే వణికేది. చిన్న మాటకే అరిచేది, అరిచాక రోజంతా గోడ వైపు తిరిగి కూర్చునేది. థైరాయిడ్, ఈసీజీ, స్కానింగ్ చేయించాం. అన్నీ నార్మల్ అన్నారు.

"నార్మలంట గదా, మళ్లీ యాల ఇట్ల చేస్తాండావు?" అని గద్దించి, రిపోర్టులు ఆమె ముందు విసిరాను.

కుప్పంలో ఉండే వాళ్ల అక్క రూతమ్మ ఆమెను అక్కడి సైకియాట్రిస్టుకు చూపించింది. నేను వెంట వెళ్లానంతే. డాక్టరమ్మ అడిగితే ఎస్తేరు ఫీల్డ్ హాస్పిటల్ గురించి చెప్పింది. పేలుడులో గాయపడిన ఒక కుర్రాడు ఆమె చెయ్యి పట్టుకున్నాడట. ఇంకొకరికి రక్తం ఆపాలని ఆ చెయ్యి విడిపించుకుని వెళ్లింది. తిరిగి వచ్చేసరికి అతను చనిపోయాడు. ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ అడగలేదు. సెలవుకు వచ్చినప్పుడల్లా క్యాంటీన్ సరుకులు ఏం తెచ్చావని అడిగాను.

"పీటీఎస్‌డీ" అంది డాక్టరమ్మ, ఘోరాలు చూసిన మనసుకు మిగిలే గాయమని చెప్పి. "కోపం వస్తాండాదని ఆమెకు ముందే తెలియాల. తెలిసినప్పుడు తప్పుకునేదానికి మీరు దారి ఇయ్యాల."

మాత్రలతో పాటు థెరపీ మొదలైంది. చల్లటి నీళ్లలో చేతులు పెట్టడం, ఊపిరి మెల్లగా వదలడం నేర్చుకుంది. మా ఇద్దరికీ ఒక గుర్తు పెట్టారు. ఆమె అరచెయ్యి ఎత్తితే నేను మాట ఆపాలి, వెంట పోకూడదు. కొన్ని నెలలు బాగున్నాం.

పుంగనూరులో మా తమ్ముడి కూతురి పెళ్లి జరిగింది. మా పెద్దమ్మ అందరి ముందు, "బిడ్డల్ని వద్దనుకొని మిలటరీకి పోతివే, ఏం సంపాదిస్తివమ్మా?" అంది. ఎస్తేరు నా వైపు అరచెయ్యి ఎత్తి వాకిలి వైపు నడిచింది. వేలంలో ఎవరైనా చెయ్యెత్తితే గొంతు పెంచడం నా పని. ఆ రోజూ అదే చేశాను.

"యాడికి పోతాండావు? నలుగురిలో పరువు తీస్తావా?" అని అరుస్తూ వెనక నుంచి భుజం పట్టి లాగాను. ఆమె మోచెయ్యి తగిలి నా ముందు పన్ను విరిగింది. నా నోట్లో రక్తం చూసి ఆమె వెంటనే కొంగు అడ్డం పెట్టబోయింది.

"ముట్టుకోవద్దు, పిచ్చిదానా!"

ఆమె కొంగు దించి, ఒక్కతే బస్టాండుకు నడిచి పోయింది. కుప్పం చేరాక తిండి, మందులు మానేసింది. ఆసుపత్రిలో అడ్మిట్ చేశారు. వార్డు దగ్గర డాక్టరమ్మ నన్ను ఆపింది. "బతకాలని లేదంటాండాది. మీరు లోపలికి రావద్దు."

ఇప్పుడు ఎస్తేరు రూతమ్మ ఇంట్లోనే ఉంది. థెరపీ మానలేదు. పొద్దున పూట ఒక క్లినిక్‌లో కట్లు కడుతుంది. ఆదివారాల్లో నేను వెళ్లి, ఆమెకు కనబడేలా గేటు ముందు నిలబడి, మెల్లగా పేరు పిలుస్తాను. చాలాసార్లు చెయ్యెత్తుతుంది. నేను తిరిగి బస్సెక్కుతాను.

పోయిన ఆదివారం చెయ్యి సగం దాకా లేపి దించేసింది.

"పన్ను కట్టించుకోలేదా?"

"లేదు."

"కట్టించుకో. దాన్ని సూసేకి నాకు అయితాలేదు."

లోపలికి రమ్మనలేదు. నేనూ అడగలేదు.

మీ ఇంట్లో ఇలాంటి బాధపడే మనిషి ఉంటే, మనసు నెమ్మదిగా ఉన్న రోజునే ఇద్దరూ కలిసి ఒక గుర్తు అనుకోండి. అది కనబడితే పెళ్లిపందిట్లో ఉన్నా, మీ మాట సగంలో ఉన్నా, అక్కడే ఆగిపోండి. పరువు గురించి తర్వాత ఆలోచించుకోవచ్చు.