కలబంద నాటిన చెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో రెండు రకాల నీళ్ళుండేవి. మడినీళ్ళు, మామూలు నీళ్ళు. మడినీళ్ళు పోస్తే ఏ మొక్కయినా బతికి తీరుతుందని మా నాయనమ్మ నమ్మకం. ఆ నమ్మకం ఒక కలబంద ప్రాణం తీసింది, నేరం మాత్రం నా చేతిమీద పడింది. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. వస్తే రానీ, ఈ వయసులో కోపం తెచ్చుకోవడానికి నేనొకరిని అడగాలా?

ఏలూరులో కాలవకు దగ్గర్లో ఉండేది మా ఇల్లు. తాతయ్య గుళ్ళో అర్చకత్వం చేసేవారు. నాన్న, బాబాయి ఆఫీసు ఉద్యోగాలకు వెళ్ళేవారు. ఇంటి పెత్తనం నాయనమ్మది, వంటింటి చాకిరీ మా అమ్మదీ మా పిన్నిదీ. పిన్ని కొల్లేటికోట ఆడపడుచు. వానాకాలం వస్తే వాకిట్లోకి నీళ్ళొచ్చే ఊరు అది. నేలమీద పెట్టిన మొక్క నిలవదని అక్కడివాళ్ళు పగిలిన కుండల్లో మట్టి పోసి అరుగుల మీదా గోడల మీదా పెంచుకునేవారట. పెళ్ళయి మా ఇంటికి వచ్చినప్పుడు పిన్ని చీరల పెట్టెతో పాటు ఒక కుండలో కలబంద పిలకల్ని, అంటే తల్లిమొక్క మొదట్లోంచి పుట్టే పిల్లమొక్కల్ని తెచ్చుకుంది. "కొత్తకోడలు సారెలో లడ్డూలు తెస్తుంది గానీ, ముళ్ళమొక్కలు తేవడం ఎక్కడా చూళ్ళేదమ్మా" అని నాయనమ్మ చాలా ఏళ్ళు దెప్పింది.

అలాంటి మొక్కనే తాతయ్య ఒకసారి ద్వారకా తిరుమల వెళ్ళి, కొండ కింద ఎవరో ఇస్తే తీసుకొచ్చారు. ఇంకేం, ఈసారి ముళ్ళమొక్క కాస్తా ప్రసాదమైపోయింది. నాయనమ్మ దాన్ని వీధరుగు మీద సిమెంటు కుండీలో పెట్టించింది. పసుపు రాసి, బొట్టు పెట్టి, రోజూ తులసమ్మకు పోసినట్టే దానికీ చెంబెడు మడినీళ్ళు పోసేది. వర్షం పడుతున్న రోజున కూడా పైట నెత్తిన కప్పుకుని వెళ్ళి పోసి వచ్చేది. భక్తికి వాన అడ్డమా?

పిన్ని మొక్కలు మాత్రం పెరట్లోనే ఉండేవి. కలబంద, రణపాల, కిత్తనార, రకరకాల క్రోటన్లు, ముళ్ళకొమ్మల మీద చిన్నచిన్న ఎర్రపూలు పూసే ఒక మొక్క. పాత బకెట్లు, నూనె డబ్బాలు, మూతిపోయిన కుండలు, ఏది దొరికితే అందులో పెట్టేది. వీధిలో ఎవరి గుమ్మం ముందు కుండీ చూసినా అందులో ఉన్నది పిన్ని ఇచ్చినదే. "మీ చిన్నకోడలిది మంచి హస్తవాసండీ, ఎండుపుల్ల గుచ్చినా చిగురేస్తుంది" అని పక్కింటి మామ్మగారు అంటే నాయనమ్మ ముళ్ళమొక్కల సంగతి మర్చిపోయి మురిసిపోయేది. నేనూ పిన్ని వెనకాలే తిరిగి, గోడవారన నాకంటూ నాలుగు డబ్బాలు పెట్టుకున్నాను. బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ పడేసి వాటి దగ్గరికే పరిగెత్తేదాన్ని.

నేను పెద్దమనిషినయిన ఏడాది జరిగింది ఇది. మా ఇంట్లో ఆడవాళ్ళు బయట చేరితే మూడు రోజులు పెరటి వసారాలో ఉండాలి. చాప వేరు, కంచం వేరు, చెంబు వేరు. ఏదీ ముట్టుకోకూడదు. మొక్కల్ని అసలు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే మాడిపోతాయని చెప్పేవారు. శ్రావణమాసంలో ఒకరోజు, నేను బయట ఉండగానే బడికి వెళ్ళి తిరిగొస్తూ, సందులోంచి పెరట్లోకి పోబోయి అరుగు అంచున జారాను. పడకుండా ఆపుకోబోతే చెయ్యి వెళ్ళి కలబంద మట్టకు తగిలింది. నాయనమ్మ కిటికీలోంచి చూసింది.

వారం తిరక్కుండా ఆ మొక్క మెత్తబడింది. మట్టలు గోధుమరంగుకు తిరిగి, ఒక్కొక్కటే వాలిపోయి, ఒక పొద్దున పట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చింది. ఇరుగుపొరుగు నలుగురూ పోగయ్యారు. "ఏనుగులాంటి మొక్క నిలువునా కుళ్ళిందంటే అంటు తగలకుండా ఉంటుందా అమ్మా? ఇదిగో, ఇదే ముట్టుకుంది. దీని చెయ్యి మంచిది కాదు" అని నాయనమ్మ అందరిముందూ నన్ను చూపించి అంది. అక్కడితో ఆగలేదు. బయట ఉన్నప్పుడే కాదు, ఇకమీదట ఎప్పుడూ నేను ఏ మొక్కనీ ముట్టుకోకూడదని తీర్పు చెప్పింది. నా డబ్బాలు నాలుగూ పనిమనిషి చేత తీయించి పిన్ని కుండీల వెనక పెట్టించింది. మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది గానీ నోరు మెదపలేదు. ఆ ఇంట్లో ఆవిడ నోరు ఎప్పుడు మెదిపింది గనక.

పెద్దవాళ్ళు పదిసార్లు అంటే పిల్లలు నమ్ముతారు. నేను ఒక్కసారికే నమ్మేశాను. నా చేతిలో ఏదో విషం ఉందనుకున్నాను. జడలో పెట్టుకోవడానికి మందారం కూడా కోసేదాన్ని కాదు. గుళ్ళో తాతయ్య ప్రసాదం పెడుతుంటే చెయ్యి చాచడానికి జంకేదాన్ని. నడిచేటప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నడిచేదాన్ని. అది చూసింది మా పిన్ని ఒక్కతే.

ఆ తర్వాతి నెల పిన్నీ నేనూ ఒకేసారి వసారా చేరాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా నడుం వాల్చింది. పిన్ని లేచి, చనిపోయిన కలబందను మట్టితో సహా పెళ్ళగించి పడేసిన చోటికి నన్ను తీసుకెళ్ళింది. కింద కూర్చుని ఆ వేరు చీల్చి నా ముక్కు దగ్గర పెట్టింది. మురుగు కంపు కొట్టింది.

"ఏంటే ఈ వాసన? నీ చేతి వాసనా, నీళ్ళ వాసనా? కొల్లేట్లో పుట్టినదాన్నే నేను. నీళ్ళు నిలవుంటే ఏమవుతుందో నాకొకరు చెప్పక్కర్లేదు. ఇది ఎండలో బతికే మొక్క. వానాకాలం, పైన చెంబులు చెంబులు పోస్తే చావక ఏం చేస్తుంది?"

నా చేతులు వెనక్కే ఉన్నాయి. పిన్ని నా కుడిచెయ్యి బలవంతాన ముందుకు లాగి, అందులో చాకు పెట్టింది. "ఈ చెయ్యి రోజూ మీ తాతయ్యగారికి మంచినీళ్ళిస్తోంది. ఆయన నిక్షేపంలా ఉన్నారుగా" అంది. నాకు నవ్వొచ్చింది, దానివెంటే ఏడుపూ వచ్చింది.

తన కొల్లేటికోట కలబందకు మొదట్లో ఒక బలమైన పిలక ఉంది. దాన్ని నా చేతే కోయించింది. కోసిన చోట పసుపుపచ్చని రసం కారి వేళ్ళకు అంటుకుంది, ఒకటే చేదు వాసన. వెంటనే మట్టిలో పెట్టబోతే ఆపింది. కోత ఆరాలట. పచ్చిగా ఉండగా పెడితే కుళ్ళుతుందట. పిలకను వసారా నీడలో, నా చాప పక్కనే పడుకోబెట్టింది. మేం వసారా వదిలే రోజుకల్లా కోసిన చోట పక్కు కట్టింది. అప్పుడు కుండీ అడుగున పెంకులు వేసి, సగానికి సగం ఇసుక కలిపిన మట్టి పోసి, నాచేతే నాటించింది.

అప్పుడు తెలిసింది నాకు, పిన్ని మొక్కల పని ఎప్పుడు చేస్తుందో. మిగతా రోజుల్లో తెల్లవారుజామున లేస్తే రాత్రి వరకు పొయ్యి, గిన్నెలు, మడిబట్టలు. తీరిక దొరికేది వసారా చేరినప్పుడే. మైల తగులుతుందని ఆ మూలకు ఎవరూ వచ్చేవారు కూడా కాదు. వీధిలో గుమ్మంగుమ్మానికి పచ్చగా నిలబడ్డ మొక్కలన్నీ ఆ రోజుల్లో పుట్టినవే. "నెలకు మూడు రోజులు సెలవు. మీ బాబాయి ఉద్యోగానిక్కూడా ఇంత నికరమైన సెలవు లేదు" అని పిన్ని కిసుక్కున నవ్వింది. నేను లోపలికి పరిగెత్తి అందరికీ చెప్పేయాలన్నంత ఊపులో ఉంటే, భుజం పట్టి కూర్చోబెట్టింది. "ఇప్పుడు చెబితే పీకి పారేస్తారు. ముందు అది బతకనీ. బతికాక మాట్లాడదాం."

అటు నాయనమ్మ కూడా పాత మొక్క చోట కొత్తది పెట్టాలని తొందరపడుతోంది. చిన్నకోడలి హస్తవాసి మంచిది కదా, ఆ పిల్లచేతే పెట్టిస్తానంది. తాతయ్య పంచాంగం చూసి మంచిరోజు చెప్పారు. ఆ రోజున పిన్ని తలంటు పోసుకుని, పట్టుచీర కట్టుకుని, నేను నాటిన కుండీని రెండు చేతులా పట్టుకుని అరుగు మీదికి తీసుకొచ్చి పెట్టింది. నాయనమ్మ పసుపు రాసి బొట్టు పెట్టింది. చెంబు ఎత్తబోతుంటే, "మీకు నడుం నొప్పి కదండీ అత్తయ్యగారూ, దీని నీళ్ళు నేను చూసుకుంటాను" అంది పిన్ని, ఎంతో వినయంగా. అలా చెంబు బారినుంచి తప్పించింది.

మొక్క బతికింది. బతకడమా, మళ్ళీ శ్రావణం వచ్చేసరికి కుండీ పట్టనంత అయింది. చుట్టూ పిలకలే పిలకలు. నేను రోజూ బడికి వెళ్తూ దాన్ని ఓరకంట చూసుకునేదాన్ని. చేతులు వెనక్కి కట్టుకోవడం ఎప్పుడు మానేశానో నాకే తెలీదు.

శుక్రవారం పేరంటానికి వీధిలో ఆడవాళ్ళంతా వచ్చారు. తాంబూలం, శనగలు అందుకుని వెళ్ళబోతూ అరుగు దగ్గర ఆగారు. "పీడ వదిలి ఎంత బాగా వచ్చిందండీ! మాక్కూడా ఒక పిలక ఇప్పించండి" అన్నారు పక్కింటి మామ్మగారు. "మంచిరోజు చూసి, మంచిచేత్తో పెట్టించానండీ, రాకేం చేస్తుంది?" అంది నాయనమ్మ. నేను తలుపు చాటున ఉన్నాను. పిన్ని వచ్చి నా జబ్బ పట్టుకుని ఆ ఆడవాళ్ళ మధ్యకు తీసుకెళ్ళింది.

"ఆ మంచిచెయ్యి నాది కాదండీ, దీనిది. కోసిందీ ఇదే, నాటిందీ ఇదే. అప్పుడిది బయట చేరి ఉందండీ" అంది.

గొంతు పెంచలేదు. శనగలు ఇంకాస్త తీసుకోండి అన్నంత మెత్తగానే అంది. నాయనమ్మ ముఖం కందగడ్డయింది. "ఏం మాటలే అవి, నలుగురిలో!"

"నలుగురిలోనే కదండీ అత్తయ్యగారూ, దీని చెయ్యి మంచిది కాదన్నారు. మరి ఇదీ నలుగురిలోనే చెప్పాలిగా" అంది పిన్ని. తర్వాత వాళ్ళవైపు తిరిగింది. "మామ్మగారూ, మీ తులసికోట పక్కన రణపాల, వదినగారూ, మీ గేటు దగ్గర క్రోటన్లు, అవన్నీ నేను బయట ఉన్నప్పుడు నాటినవేనండీ. మిగతా రోజుల్లో నాకు ఊపిరి సలిపితే కదా! చచ్చినవి ఉంటే చెప్పండి, ఇంకోటి ఇస్తాను."

చెప్పడానికి చచ్చినవి లేవు. ఎదురింటి కొత్తకోడలు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వు దాచుకోవడానికే. మిగతావాళ్ళు దిక్కులు చూసుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్నే కుండీలన్నీ కాలవ గట్టున పడి ఉంటాయనుకుని, వీధి ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళి చూసొచ్చాను. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మామ్మగారి రణపాల ఒక్కటి తులసికోట పక్కనుంచి గేటు బయటికి జరిగింది. కార్తీకం వచ్చేసరికి అదీ చల్లగా లోపలికి చేరింది.

నాయనమ్మ చాలా రోజులు పిన్నితో మాట్లాడలేదు. నన్నన్న మాట వెనక్కి తీసుకోనూ లేదు. వసారా, చాప, వేరే కంచం అన్నీ అలాగే సాగాయి. కానీ ఆ చలికాలంలో ఒకనాడు పిన్నీ నేనూ వసారాలో ఉండగా నాయనమ్మ అరుగుమీద కుండీని పనిమనిషి చేత మోయించుకుని వచ్చింది. దూరంగా నిలబడి, మావైపు చూడకుండా, "ఊరికే కూర్చున్నారుగా. పిలకలు ఇరుక్కుపోయాయి, వేరు చెయ్యండి" అనేసి వెళ్ళిపోయింది. పిన్ని చాకు తీసి నాకే ఇచ్చింది.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉంటున్నాను. మా ఫ్లాటు బాల్కనీ నిండా కలబందలే, అన్నీ ఆ కుండీ సంతానమే. నాకు ఆ మూడు రోజుల బాధ తీరి ఎన్నో ఏళ్ళయింది. తీరింది గదా అని నా మొక్కలేమీ ఇదివరకటి కంటే ఎక్కువ పచ్చబడలేదు. పిన్ని లేదు. నాతో ఎవరైనా "మీకు ముట్టుకునే యోగ్యత లేదు" అన్నట్టు మాట్లాడితే, బడిలో పాఠాలు చెప్పిన రోజుల్లోనైనా, ఇవాళైనా, ఎదురు తిరగడానికి నేను గొంతు పెంచను. ముందు మొక్కను బతికించి, తర్వాత నలుగురిలో చెబుతాను.

మొన్న కింది ఫ్లాటు ఆవిడ పిలక కోసం వచ్చింది. వెంట ఆవిడ కూతురు, హైస్కూలు పిల్ల. తల్లి లోపలికి వచ్చింది గానీ పిల్ల గుమ్మం అవతలే ఆగిపోయింది, చేతులు వెనక్కి కట్టుకుని. ఎందుకని నేను అడగలేదు. లోపలికి వెళ్ళి చాకు తెచ్చి, ఆ పిల్లను బాల్కనీలోకి పిలిచి దాని చేతిలో పెట్టాను. "నువ్వే కొయ్యమ్మా" అన్నాను.

"అయ్యో పిన్నిగారూ, అదిప్పుడు..." అని తల్లి నసిగింది.

"తెలుసండీ," అన్నాను, "అందుకే."